చైర్మన్‌గారు తిన్న పద్నాలుగు వందల పన్నెండు భోజనాలు

కంచుమర్తి గవర్రాజు కడుపులో ఒక పుండు ఉంది. అది తొమ్మిదేళ్ళుగా ఉంది. జిల్లా పరిషత్ చైర్మన్ పదవి కంటే అయిదేళ్ళు సీనియరు. పొద్దున ఒక గ్లాసు రాగిజావ, మధ్యాహ్నం ఉప్పు తప్ప మరేమీ పడని మజ్జిగన్నం, సాయంత్రం మళ్ళీ జావ. అంతకు మించి ఒక్క మిరపగింజ లోపలికి వెళ్ళినా ఆ పుండు ఊరుకోదు. ఇలాంటి మనిషి పదకొండు నెలల్లో పద్నాలుగు వందల పన్నెండు భోజనాలు చేశాడని ప్రభుత్వం ఒప్పుకుంది, డబ్బు ఇచ్చింది, పైగా శాలువా కూడా కప్పింది. ఎలాగంటారా, అది చెప్పడానికే కూర్చున్నాను.

గవర్రాజు పుట్టుకతో దొంగ కాడు. ఆ మాట ముందే చెప్పెయ్యకపోతే పాపం చుట్టుకుంటుంది. వార్డు మెంబరుగా ఉన్న రోజుల్లో వీధిదీపానికి సొంత డబ్బుతో ఒక బల్బు కొన్నాడు. రసీదు పోగొట్టుకున్నాడు. రసీదు లేనిదే పైసా రాదని పంచాయతీ గుమాస్తా తెగేసి చెప్పాడు. కొట్టువాడి కాళ్ళావేళ్ళా పడితే వాడు విసుక్కుని, ఎవరో మర్చిపోయి వెళ్ళిన నాలుగు బల్బుల రసీదు చేతిలో పెట్టాడు. నిజమైన ఒక బల్బుకి డబ్బు రాలేదు గాని, లేని నాలుగు బల్బులకి మూడో రోజే వచ్చేసింది. రెండు రోజులు గవర్రాజుకి నిద్ర పట్టలేదు. తర్వాత పట్టింది.

అక్కణ్ణించి ఆయన వెనక్కి చూసుకోలేదు. సర్పంచి అయ్యాక ఆ ఊరి మురిక్కాలవల పక్కన ఏడాది పొడుగునా బ్లీచింగ్ పౌడరు కురిసింది, కాగితం మీద. మండలాధ్యక్షుడయ్యాక, టైర్లు ఊడదీసి షెడ్డులో ఇటుకల మీద నిలబెట్టిన జీపు రోజుకి తొంభై రెండు కిలోమీటర్లు తిరిగింది. ఖర్చు పెట్టాక బిల్లు పెట్టేవాడు గుమాస్తా అనీ, బిల్లు పెట్టాక ఖర్చు సంగతి ఆలోచించేవాడు నాయకుడనీ ఆయన తన వాళ్ళకి పాఠం చెప్పేవాడు. చైర్మన్ అయ్యేనాటికి మొత్తం రాజకీయ జీవితంలో ఆయన పెట్టిన నిజమైన బిల్లు ఒక్కటే మిగిలింది. పుండుకి ఆసుపత్రిలో చేయించుకున్న వైద్యం తాలూకు ముప్ఫై ఎనిమిది వేల ఆరువందల నలభై రూపాయలు.

ఇంతలో పైనుంచి ‘ఇంటింటా ముద్ద’ అనే పథకం దిగింది. ఉత్తర్వులో ఇలా ఉంది: ‘ప్రజాప్రతినిధి సామాన్యుని గృహమున, సామాన్యుని భోజనమును, సామాన్యునివలె భుజించి, తద్ద్వారా సామాన్యుని బాధలను ఆకళింపు చేసికొనవలెను.’ సామాన్యుడి నెత్తిన భారం పడకూడదు కాబట్టి, ప్రతినిధి భోజనానికి నాలుగొందల ఇరవై రూపాయలు ఇంటివాళ్ళకి ముందు ఇచ్చి, తర్వాత ప్రభుత్వం దగ్గర రాబట్టుకోవాలి. దానికి ఒక ఫారం ఉంది. ఇంటి యజమాని పేరు, తెల్లకార్డు నంబరు, వడ్డించిన వంటకాలు, తెలుసుకున్న బాధ, కింద యజమాని వేలిముద్ర.

ప్రారంభోత్సవం రోజున గవర్రాజు ఒక ఇంట్లో పీట మీద కూర్చున్నాడు. విస్తట్లో ఎర్రగా నిగనిగలాడుతున్న వంకాయ కూర పడగానే కడుపు లోపల ఎవరో గోరుతో గీకినట్టయింది. ఫోటోలు తీసేదాకా ముద్ద కలుపుతూ కూర్చుని, కెమెరాలు వెళ్ళగానే చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ భోజనం బిల్లు నాలుగు రోజుల్లో పాసైంది. నాలుగు రోజుల్లో పాసైన బిల్లుని అంతకు ముందు ఆ కార్యాలయంలో ఎవరూ చూడలేదట.

ఈ బిల్లులు రాసేది ఆయన పి.ఏ. సోమేశం. సోమేశానికి యాభై ఆరేళ్ళు, భార్య పోయి పదేళ్ళు. రెండు పూటలా మెస్సులో నీళ్ళ సాంబారు తింటూ, మంచి భోజనం గురించి కలలు కనే మనిషి. వేలిముద్రల సమస్య కూడా అతనే తీర్చాడు. గోదావరి మధ్యలో గోగులలంక అని ఒక ఊరుంది. చుట్టూ నీళ్ళే గాని తాగడానికి కుళాయి లేదు. కుళాయి కోసం ఆ ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి అర్జీలు పెడుతున్నారు, ప్రతిసారీ ‘మిగతాది మేం రాసుకుంటాం’ అంటే తెల్లకాగితాల మీద వేలిముద్రలు వేసి ఇస్తున్నారు. ఆ కట్టలు బీరువాలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. లంకల్లోనూ మెట్టలోనూ అలాంటి ఊళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. సోమేశం ఆ వేలిముద్రల పైన ఫారం అచ్చు వేయించాడు. ‘తెలుసుకున్న బాధ’ అన్న గడిలో తాగునీరు అని రాశాడు. ఆ ఫారాల్లో అదొక్కటే నిజం.

మొదట్లో నెలకి ముప్ఫై భోజనాలతో సరిపెట్టుకున్నారు. కాని ప్రభుత్వం జిల్లాలకి ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. నెలనెలా తెర మీద సమావేశం. రాజధానిలోని పెద్దాఫీసరు, మీ జిల్లా భోజనాలలో అట్టడుగున ఉన్నది, ఇది అత్యంత శోచనీయము, వచ్చే మాసాంతమునకు కనీసం నూరు భోజనములు సాధించని యెడల బాధ్యులపై చర్య తప్పదు అని అందరి ముందూ వాయించేశాడు. గవర్రాజుకి రోషం వచ్చింది. పక్క జిల్లా చైర్మన్ నూట పది తింటున్నాడంటే తను నూట ఇరవై తినలేడా? మరుసటి నెల నూట నలభై తిన్నాడు. ఆ పై నెల నూట అరవై. ఏడాది తిరక్కుండా రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చింది. రాజధానికి పిలిచి ‘రాష్ట్ర ఉత్తమ భోక్త’ అని బిరుదిచ్చి, వెండి విస్తరి చేతిలో పెట్టారు. పార్టీ పెద్ద ఆయన వీపు నిమిరి, ఈసారి అసెంబ్లీ టిక్కెట్టు నీదేనయ్యా, జనంలో కలిసిపోయి తినేవాడే కదా మనకి కావాలి అన్నాడు.

ఇంటికొచ్చి బిరుదు చూపిస్తే భార్య మంగతాయారు జావ గ్లాసు పక్కన పెట్టి, ఆ ఫలకాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"భోక్తంటే తద్దినాలకి కూర్చునేవాళ్ళు కదండీ. ఎవరు పోయారు?" అంది.

గవర్రాజుకి ఆ మాట చెవికెక్కలేదు. టిక్కెట్టు ఆనందంలో ఉన్నాడు. నలభై ఏళ్ళుగా ఆయన కన్న కల అదొక్కటే. ఒక్కసారి అసెంబ్లీ మెట్లెక్కితే చాలు, తర్వాత ఈ పుండు ఏమైపోయినా ఫరవాలేదని దేవుడికి మొక్కుకున్నవాడు.

ఇలా కడుపులో చల్ల కదలకుండా సాగిపోతున్న వ్యవహారాన్ని ఇంకో సర్క్యులర్ చెడగొట్టింది. ‘ఒకే వంటకము పలుమార్లు పునరావృతమగుట క్లెయిము యొక్క విశ్వసనీయతను దెబ్బతీయును. కావున వంటకములందు వైవిధ్యము పాటించవలెను.’ అప్పటిదాకా సోమేశం అన్నిటికీ వంకాయ కూర, చారు అని రాసి పారేస్తున్నాడు. సర్క్యులర్ చూశాక అతనిలో పదేళ్ళుగా అణచిపెట్టుకున్న ఆకలి లేచి కూర్చుంది. గుత్తొంకాయ అయింది, పనసపొట్టు ఆవకూర అయింది, నాటుకోడి, రొయ్యలూ గోంగూరా అయ్యాయి. మెస్సులో నీళ్ళ సాంబారు తిని వచ్చి, నోరూరించుకుంటూ ఫారాలు నింపేవాడు. ఒకరోజు మధ్యాహ్నం మరీ ఆకలిగా ఉండి, గోగులలంక వాస్తవ్యురాలు పెసింగి నూకాలమ్మ ఇంట్లో చైర్మన్‌గారు పులస పులుసు తిన్నట్టు రాసేశాడు. తేదీ చూసుకోలేదు. అది మాఘమాసం.

గోదావరి జిల్లాల్లో పుట్టినవాడెవడైనా ఎన్ని అబద్ధాలనైనా సహిస్తాడు గాని పులస విషయంలో రాజీ పడడు. పులస చేప శ్రావణ భాద్రపదాల్లో, గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రంలోంచి ఎదురీదుతూ వస్తుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు. ఆ పుస్తెలు కూడా వానాకాలంలోనే అమ్ముకోవాలి, మాఘమాసంలో అమ్మితే పుస్తెలూ పోతాయి, పులసా రాదు.

ఆడిట్ ఆఫీసరు చయనులుగారు అదే గోదావరి నీళ్ళు తాగినవాడు. ఆయన పద్నాలుగు వందల పదకొండు ఫారాలను చకచకా టిక్కులు పెట్టుకుంటూ దాటేశాడు. ఒక మనిషి ఒకే రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మూడు ఊళ్ళలో తిన్నా ఆయనకి అభ్యంతరం లేకపోయింది. పులస దగ్గర కలం ఆగింది. ఆయన ఒక పేజీ నోటు రాశాడు. మాఘమాసమున పులస అలభ్యము. ఒకవేళ లభ్యమైనచో దాని ధర వేలల్లో ఉండును. అంత ధర గల చేపను వండి వడ్డించు గృహస్థు నిరుపేద కాజాలడు. కావున క్లెయిము అసత్యమో, తెల్లకార్డు అసత్యమో, రెంటిలో ఒకటి తేల్చవలెను.

ప్రభుత్వంలో రెంటిలో ఒకటి తేల్చమంటే ముందు తేలిగ్గా ఉన్నది తేలుతుంది. పౌరసరఫరాల వారు వారం తిరక్కుండా నూకాలమ్మ తెల్లకార్డు రద్దు చేశారు.

నూకాలమ్మ రేషన్ డిపోకి సంచి పట్టుకుని వెళ్తే డీలరు యంత్రంలో చూసి, కార్డు పోయిందమ్మా, నువ్వు పులసలు వండుకునే రకమట కదా అన్నాడు. ఆవిడకి మొగుడు కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం పోయి మంచంలో ఉన్నాడు. అత్తగారికి కళ్ళు కనపడవు. ఒక్కత్తే కూతురు. ఆ నాలుగు కడుపుల్లోకీ వెళ్ళేది ఆ ఇరవై కిలోల బియ్యమే. పంటు ఎక్కి గోదావరి దాటి, రెండు బస్సులు మారి, తిన్నగా చైర్మన్‌గారి ఇంటికి వచ్చేసింది.

"బాబుగారూ, తవరు మా ఇంటికెప్పుడొచ్చారండి?" అని అడిగింది. "మా గుమ్మం పొట్టిదండి. ఎవరొచ్చినా వంగి రావాల. వంగినోళ్ళలో తవర్ని చూసినట్టు గేపకం లేదండి."

గవర్రాజు ఆవిడ్ని మొదటిసారి చూడటం. కాగితాల ప్రకారం ఆవిడ చేతి వంట ఇరవై ఏడుసార్లు తిన్నాడు. సోమేశం ఆవిడ్ని పక్కకి తీసుకెళ్ళి ఒక బస్తా బియ్యం ఇప్పించబోయాడు. ఆవిడ బస్తా వంక కూడా చూడలేదు. బస్తా నెల్లాళ్ళకి అయిపోద్ది, కార్డు ఉంటే బతుకంతా ఉంటది, తవరు మా ఇంట్లో తినలేదని ఒక్క ముక్క రాసిచ్చెయ్యండి, ఇంకేం వద్దు అంది. ఆ ఒక్క ముక్క రాసిస్తే తన టిక్కెట్టు పోతుందని గవర్రాజుకి తెలుసు. ఎన్నికలయ్యాక చూద్దాంలే అమ్మా అన్నాడు. ఆ రోజు మజ్జిగన్నం కూడా సయించలేదు ఆయనకి. సయించకపోయినా రాసివ్వలేదు.

ఈలోగా చయనులుగారి నోటు పైకి పాకి, ఒక పత్రికలో పడింది. ప్రభుత్వం వెంటనే ‘సాధ్యాసాధ్య నిర్ధారణ సంఘం’ అని అయిదుగురితో ఒక కమిటీ వేసింది. అధ్యక్షుడు ఒక ప్రత్యేకాధికారి. చయనులుగారు ఒక సభ్యుడు, ప్రభుత్వ వైద్యుడు ఒక సభ్యుడు, తూనికలు కొలతల శాఖ నుంచి ఒకాయన, పాత తహసీల్దారు ఒకాయన. మొదటి సమావేశంలోనే గవర్రాజు గుండె దిటవు చేసుకుని, అడగబోయే ప్రశ్నకి సిద్ధంగా కూర్చున్నాడు. తిన్నారా అని వాళ్ళు అడగనే లేదు.

"తిన్నారా లేదా అన్నది ఈ సంఘం పరిధిలోకి రాదు. వేలిముద్రతో కూడిన ప్రభుత్వ పత్రమును మేము శంకించజాలము. ఒక మానవుడు అంత తినగలడా, లేడా? అదియే విచారణాంశము" అన్నాడు ప్రత్యేకాధికారి.

గవర్రాజుకి కళ్ళనీళ్ళు వచ్చినంత పనైంది. ఎంత పెద్దమనుషులు, ఎంత మర్యాదగా అడిగారు! తినగలనండి, బ్రహ్మాండంగా తినగలను అనేశాడు. అయితే తిని చూపించండి అన్నారు వాళ్ళు.

తూనికలాయన లెక్క కట్టాడు. పద్నాలుగు వందల పన్నెండు భోజనాలని మూడువందల ముప్ఫై రోజులకి పంచితే రోజుకి నాలుగు పాయింట్ రెండు ఎనిమిది భోజనాలు. కాబట్టి పరీక్ష రోజున చైర్మన్‌గారు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరులోపు నాలుగు పూర్తి భోజనాలు, అయిదో భోజనంలో నూటికి ఇరవై ఎనిమిది వంతులు తినాలి. పరీక్ష సహజ పరిస్థితుల్లో జరగాలి కనుక, వివాదాస్పద భోజనం జరిగిన చోటే, అంటే నూకాలమ్మ ఇంట్లోనే జరగాలి. చైత్రంలో పులస దొరకదు కాబట్టి ‘గోదావరి ప్రాంతమున లభ్యమగు ఏదేని ఇతర మత్స్యము’ వాడవచ్చు. నెగ్గితే బిల్లులన్నీ నిజం, నూకాలమ్మ ధనవంతురాలు. ఓడితే బిల్లులన్నీ అబద్ధం, చైర్మన్ జైలుకి, నూకాలమ్మకి కార్డు వెనక్కి.

మంగతాయారు విని నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆ పుండు మీద కారం పడితే మనిషి దక్కడని తొమ్మిదేళ్ళ కిందటే డాక్టరు చెప్పాడు కదా, పదవి పోతే పోయింది, ఉన్న ఆరెకరాలూ చాలవా మనకి అంది. సోమేశం మాత్రం, ఒక్క రోజు ఓర్చుకుంటే అయిదేళ్ళు అసెంబ్లీ అన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? గవర్రాజు సోమేశం మాటే విన్నాడు.

పరీక్ష రోజున గోగులలంకకి పంట్ల మీద జనం తిరునాళ్ళకి వచ్చినట్టు వచ్చారు. నూకాలమ్మ పాక ముందు షామియానా వేశారు. త్రాసు వచ్చింది, స్టాప్‌వాచీ వచ్చింది, అంబులెన్సు అవతలి రేవులో ఆగింది. గవర్రాజు ఆ గుమ్మంలోంచి వంగి లోపలికి వెళ్ళి పీట మీద కూర్చున్నాడు. పక్కనే నాలుగు కుర్చీలేసుకుని సంఘం సభ్యులు కూర్చున్నారు, అయిదోదానికి చోటు చాలక తహసీల్దారు గుమ్మంలో నిలబడ్డాడు. మూలనున్న నులకమంచం మీద నూకాలమ్మ మొగుడు కళ్ళప్పగించి చూస్తున్నాడు.

ఎనిమిది గంటలకి విజిలు ఊదారు. నూకాలమ్మ వేడివేడి అన్నం పెట్టి కొర్రమీను పులుసు పోసింది. గవర్రాజు భయపడుతూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఏం చెప్పను! తొమ్మిదేళ్ళ జావ మీద ఆ పులుసు పడేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. చింతపండు పులుపు, మెంతుల ఘాటు, కింద అడుగంటిన ముక్క. వాళ్ళమ్మ పోయాక అలాంటి పులుసు తినలేదు. తను పరీక్షలో ఉన్నానన్న సంగతి కాసేపు మర్చిపోయాడు. ఇంకాస్త పులుసు వెయ్యమ్మా అన్నాడు. అదనపు పులుసు లెక్కలోకి వస్తుందా రాదా అని సంఘం పది నిమిషాలు చర్చించి, రాదని తీర్మానించింది.

రెండో భోజనం పదకొండింటికి. అప్పటికి పుండు లేచింది. మూడోది మధ్యాహ్నం రెండింటికి. ముద్ద చేతిలో ఉంది గాని చెయ్యి నోటిదాకా రావట్లేదు. చొక్కా తడిసి ముద్దయింది. డాక్టరుగారు నాడి పట్టుకుని చూసి, నాడి విచారణాంశము కాదు కదా అని వదిలేశాడు. నూకాలమ్మ వడ్డించే నెపం మీద ఆయన చెవి దగ్గరికి వంగింది.

"ఆపేయండి బాబుగారూ. మీ పొట్టకీ మంచిది, మా పొట్టకీ మంచిది" అంది.

గవర్రాజు ఆవిడ మొహంలోకి చూశాడు. జాలి పడ్డాడు, అబద్ధమెందుకు, నిజంగానే పడ్డాడు. ఆవిడ వెనక మంచం మీద మనిషినీ చూశాడు. అప్పుడే బయట జనంలోంచి ఎవరో, కాబోయే ఎమ్మెల్యే గవర్రాజుగారికీ అని జై కొట్టారు. ఆ మాట చెవిన పడేసరికి చెయ్యి దానంతటదే లేచింది. నాలుగోది అయిదింటికి అయింది. ఇరవై ఎనిమిది వంతుల అన్నం త్రాసులో తూచి ఇస్తే, కళ్ళు మూసుకుని, గుటకలేసి, ఆరుకి నాలుగు నిమిషాలుందనగా విస్తరి మడిచేశాడు. మడవడం మంచి భోజనం చేసినవాడి లక్షణమని తహసీల్దారు నమోదు చేయించాడు.

సంఘం ఏకగ్రీవంగా ‘తినగలరు’ అని ప్రకటించింది. సోమేశం వలవలా ఏడ్చాడు. దండలు పడ్డాయి. నూకాలమ్మ మాత్రం ఖాళీ గిన్నెలు పట్టుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అప్పుడు చయనులుగారు గొంతు సవరించుకుని, సంచిలోంచి ఇంకో ఫైలు తీశాడు.

"ఇది వైద్య ఖర్చుల క్లెయిము. కడుపులో పుండు ఉన్నదనీ, కారము, పులుపు నిషిద్ధమనీ ముప్ఫై ఎనిమిది వేల ఆరువందల నలభై తీసుకున్నారు. పుండు ఉన్న మనిషి అంత తినజాలడు. తినగలరని ఇప్పుడే తేల్చాం. కావున పుండు లేదు" అన్నాడు.

పుండు ఉంది మహాప్రభో అని గవర్రాజు అరవబోయాడు. నోట్లోంచి మాటకి బదులు నెత్తురు వచ్చింది. పంటు మీద వేసుకుని అవతలి రేవుకి, అక్కణ్ణించి ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. వైద్యం చేసింది ఆ సంఘంలో కూర్చున్న డాక్టరుగారే. కేసు షీటులో ‘అజీర్తి’ అని రాశాడు. సంఘం నిర్ణయానికి విరుద్ధంగా పుండు అని నేను రాయలేనండి, మందు మాత్రం పుండుకే ఇస్తున్నాను, మీరు బెంగపెట్టుకోకండి అని మంగతాయారుకి ధైర్యం చెప్పాడు. పదో రోజున ఉత్తర్వు వచ్చింది. లేని పుండుకి ప్రజాధనం కాజేసినందుకు గవర్రాజుని చైర్మన్ పదవి నుంచి తొలగించారు. ఆరేళ్ళపాటు ఏ ఎన్నికల్లోనూ నిలబడకూడదు. భోజనాల బిల్లులు మాత్రం అక్షరసత్యాలని అదే ఉత్తర్వు ధ్రువీకరించింది. పరీక్ష రోజున తిన్న నాలుగు పాయింట్ రెండు ఎనిమిది భోజనాల తాలూకు పదిహేడు వందల తొంభై ఏడు రూపాయల అరవై పైసలు ఆయన ఖాతాలో జమ చేశారు. బతుకంతా అబద్ధపు బిల్లులతో పైకొచ్చిన మనిషి, పెట్టిన ఒకే ఒక్క నిజం బిల్లుతో కిందపడ్డాడు. సోమేశం ఆ సాయంత్రమే కొత్త చైర్మన్ దగ్గర చేరిపోయాడు.

నూకాలమ్మ ఆసుపత్రికి వచ్చింది. తిట్టడానికి వచ్చిందేమోనని గవర్రాజు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆవిడ ఒక కాగితం మంచం మీద పెట్టింది. ధనవంతురాలై ఉండి మూడేళ్ళుగా తిన్న రేషన్ బియ్యం ఖరీదు తిరిగి కట్టమని నోటీసు. మీకెలాగూ అన్నీ పోయాయి కదండీ, ఇప్పుడైనా ఆ ముక్క రాసిచ్చెయ్యండి అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే గవర్రాజుకి సిగ్గేసింది. ఎవరి సాయం లేకుండా తనే రాశాడు. పెసింగి నూకాలమ్మ ఇంట్లో గాని, మరెవరి ఇంట్లో గాని నేను ఎన్నడూ భోజనం చెయ్యలేదు. నావన్నీ దొంగ బిల్లులు. కింద సంతకం పెట్టి, ఆసుపత్రి నుంచి విడుదలైన రోజునే వెళ్ళి చయనులుగారి చేతికిచ్చాడు. చయనులుగారు రెండుసార్లు చదివాడు.

"ఆవిడ ఇంట్లో ఎన్నడూ తినలేదని రాశారు. నేను పక్కనే కుర్చీలో కూర్చుని చూశాను కదండీ."

"అది పరీక్ష కదండీ. అంతకు ముందు తినలేదు."

"అంతకు ముందు తినగలిగారనడానికే కదండీ ఆ పరీక్ష" అన్నాడు చయనులుగారు, ఎంతో సౌమ్యంగా. మనిషి చెడ్డవాడు కాడు. అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినందుకు మీపై చర్య ఏల తీసుకోరాదో తెలుపవలెను అని ఒక మెమో టైపు చేయించి, కాఫీ తాగించి, చేతికిచ్చి పంపాడు.

మూడో రోజు మధ్యాహ్నం గవర్రాజు వీధి అరుగు మీద కూర్చుని ఉండగా ఇంటి ముందు ఆటో ఆగింది. నూకాలమ్మ దిగింది. మొగుణ్ణి కూతురూ తనూ చెరో రెక్కా పట్టుకుని దింపారు. అత్తగారు తడుముకుంటూ దిగింది.

"సర్కారోళ్ళు తేల్చేశారు కదండీ, మీరు మా ఇంట్లో ఇరవై ఏడు పూటలు తిన్నారని" అంది నూకాలమ్మ. "మాకు చూత్తే బియ్యం లేవు. తిన్నోళ్ళు పెట్టాలి కదండీ. ఇరవై ఏడు పూటలు పెట్టేయండి. ఆ పైన తవరి గుమ్మం తొక్కం."

గవర్రాజు చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. తినలేదని చెప్తే అబద్ధమని మెమో జేబులోనే ఉంది. మంగతాయారు గుమ్మంలోకి వచ్చి నలుగురినీ ఎగాదిగా చూసింది. లోపలికి వెళ్ళి నాలుగు ఆకులు కడిగి వేసింది.

నాలుగు రోజులు గడిచేసరికి గోగులలంక నుంచి ఇంకో ఏడు కుటుంబాలు వచ్చాయి. చయనులుగారి నోటు ధర్మమా అని, రొయ్యలూ నాటుకోళ్ళూ వడ్డించినవాళ్ళు కూడా నిరుపేదలు కాజాలరని వాళ్ళ కార్డులూ పోయాయి. తర్వాత పక్క లంకలవాళ్ళు, తర్వాత మెట్ట ఊళ్ళవాళ్ళు. సోమేశం వెళ్తూ వెళ్తూ వదిలేసిన ఫారాల నకళ్ళని మంగతాయారు ముందేసుకుని కూర్చునేది. పేరు అడిగేది, ఎన్ని పూటలో చూసేది, పిలిచి పంక్తిలో కూర్చోబెట్టేది. ఏ ఇంట్లో ఏ రోజున ఏం తిన్నట్టు రాసి ఉందో అదే వండించేది. రొయ్యలు రాసి ఉంటే రొయ్యలే. ఒక్క పూట ఎక్కువ పెట్టలేదు, ఒక్క పూట తగ్గించలేదు. ఆరెకరాల్లో రెండెకరాలు అప్పటికే అమ్మేశారు.

ఇంటి వంటతో కాదని పెళ్ళిళ్ళకి వండే సుబ్బన్నని పిలిపించారు. అతను గాడిపొయ్యి తవ్విస్తూ, ఏ శుభకార్యమండీ, ఎన్నాళ్ళ పనుంటుంది అని అడిగాడు. పద్దులో ఉన్నన్నాళ్ళు అంది మంగతాయారు. అతనికి అర్థం కాలేదు గాని, చైర్మన్‌గారిల్లు కదా అని ధైర్యం చేసి, సరుకులకి అడ్వాన్సు అడిగాడు. పెద్దవాళ్ళ ఇళ్ళలో రివాజు తెలిసినవాడు కనుక, జేబులోంచి రసీదు పుస్తకం కూడా తీశాడు.

గవర్రాజు డబ్బు లెక్కపెట్టి అతని చేతిలో పెట్టి, "బిల్లొద్దులే నాయనా" అన్నాడు.

లోపల మూడో పంక్తి కూర్చుంటోంది. మంచినీళ్ళు లేవని ఎవరో కేకేశారు. గవర్రాజు జగ్గు పట్టుకుని లేచాడు.